భాషలో ఇచ్చిపుచ్చుకొనుట

పరభాష నేర్చుకొనుటకు ఆ భాషవారితో స్నేహము చేయుటకు మించిన మార్గము లేదని మనమందరము అనుచుందుము. అది నిజమే. కాని ఆ స్నేహమునకు ఒక ధర్మము కలదు. దానిని మఱచినవాడు జీతము లేని ఉపాధ్యాయుని సంపాదించుకొన్నవాడగునే గాని స్నేహితుడు కాజాలడు. ఇరువదియైదేండ్లకు పైగా కళాశాలలో తెలుగు చెప్పుచున్న నాకు ఈ పాఠము బాంకాకు నగరములో ఒక వృద్ధురాలి వలన లభించినది.

మా అబ్బాయి అక్కడ ఉద్యోగము చేయుచున్నాడు. ఒక వేసవి సెలవులలో రెండు నెలలు వానియొద్ద ఉంటిని. ఉదయము లుంఫినీ ఉద్యానవనమునకు నడకకు పోవుచుంటిని. బుద్ధుడు జన్మించిన లుంబినీ పేరుతోనే వెలసిన వనమది. అక్కడ ఒక విశ్రాంత ఉపాధ్యాయిని పరిచయమైరి. ఆమె మనుమడు ఆస్ట్రేలియాలో పెరుగుచున్నాడు. వానికి థాయి అంతగా రాదు. ఈమెకు ఆంగ్లము రాదు. నాకు థాయి మీద మక్కువ. మా అబ్బాయి మధ్యవర్తియై, దినమునకొక గంట ఒకరికొకరము నేర్పుకొనునట్లు ఒప్పందము కుదిర్చినాడు.

తెలుగు ఉపాధ్యాయుడనై యుండి ఆంగ్లము నేర్పవలసి వచ్చెనే యని మొదట కొంత చిన్నతనముగా తోచినది. కాని ఇచ్చుట యనగా మనకు ఇష్టమైనది ఇచ్చుట కాదు గదా! ఎదుటివారికి కావలసినది ఇచ్చుట.

థాయి నాకు త్వరలోనే పట్టుబడునని నమ్మితిని. నా ధైర్యమునకు కారణము సంస్కృతము. వారు భాషను ‘ఫాసా’ అందురు. గురువు ‘ఖ్రూ’, ఆచార్యుడు ‘ఆచాన్’, నగరము ‘నఖోన్’, ఆహారము ‘ఆహాన్’. భర్తను ‘సామీ’ అందురని విని నవ్వుకొంటిని. పదాంతమందలి రేఫను నకారముగా పలుకుట అక్కడి వాడుక. చంద్ర శబ్దమును అక్షరములన్నింటితో వ్రాసి, కడపటి అక్షరముపై ఒక గుర్తుంచి, ‘చన్’ అని మాత్రమే ఉచ్చరింతురు. వారి లిపికిని మూలము దక్షిణభారతపు పల్లవలిపియే. అది ఖ్మేరుల మీదుగా అక్కడికి చేరినది. ఇంక నాకు కొదవయేమి యనుకొంటిని.

ఆ భ్రమ ఒక్క వారములో తొలగినది. థాయిలో స్వరభేదములు అయిదు. మాట ఒకటే యైనను స్వరము మారిన అర్థము మారును. ‘క్లై’ అను మాటను సమస్వరమున పలికిన ‘దూరము’; పైనుండి క్రిందికి దించి పలికిన ‘దగ్గర’. ఒకనాడు రైలు స్టేషను దగ్గరనా యని అడుగబోయి దూరమా యని అడిగితిని. ‘దూరము కాదు’ అని వారు చెప్పిన సమాధానమును ‘దగ్గర కాదు’ అని గ్రహించి, రెండు వీధుల అవతలనున్న స్టేషనుకు టాక్సీలో పోయితిని! నలుబదినాలుగు హల్లులను, అవి మూడు తరగతులగుటను, నాలుగు స్వరచిహ్నములను నేను పుస్తకములో చదివియే యుంటిని. కాని చెవికి పుస్తకము వినబడదు. ఆ పెద్దామె ఒకే మాటను పదిసార్లు పలికి, స్వరపు ఎత్తుపల్లములను గాలిలో వ్రేలితో గీసి చూపినప్పుడే అది నా చెవి కెక్కినది.

ఆమె తొలిదినముననే నా వయస్సు అడిగిరి. అది ఆరా తీయుట కాదు. తాము పెద్దవారని తేల్చుకొని, తమను ‘ఫీ’ అని పిలువుమనిరి. అక్కకును అన్నకును వారికి అదియొక్కటే మాట. వరస కలుపనిదే మాట సాగని దేశమునుండి వచ్చినవాడను గనుక, ఈయొక్క విషయములో నాకు పాఠము అక్కరలేకపోయినది. వాక్యము చివర మర్యాదకై చేర్చు మాట మాత్రము నన్ను నవ్వులపాలు చేసినది. పురుషుడు ‘ఖ్రప్’ అనవలెను, స్త్రీ ‘ఖ’ అనవలెను. నేను ఆమె పలికినది పలికినట్లు చిలుకవలె వల్లించి, పండ్ల దుకాణములో ‘ఖ’ అంటిని. దుకాణము నడుపునామె నవ్వాపుకొనలేకపోయినది. ఒక్కరి నోటినుండియే భాష నేర్చుకొన్న, వారి వేషమును కూడ ధరింతుమని ఆనాడు తెలిసినది.

ఇక అసలు సంగతి. ఆ పెద్దామె సహనము నాకు అలుసైనది. గంటలో ఏబది నిమిషములు నా థాయికే సరిపోయెడివి. ఒక సోమవారము ఆమె ఏమియు మాట్లాడక కూర్చుండిరి. కారణము అడుగగా సంచిలోనుండి మడతలు పడిన కాగితమొకటి తీసిరి. ముందునాడు మనుమని పుట్టినరోజు. వానిని ఫోనులో ఆంగ్లమున అడుగుటకు నాలుగు ప్రశ్నలు వ్రాసికొని, వారమంతయు ఆ కాగితమును వనమునకు తెచ్చుచుండిరట. నేను వారికి అదను చిక్కనీయలేదు. మనుమడు ఫోనులో పలుకగా ‘హలో’ అని, పిమ్మట మాట దొరకక ఊరకుంటినని ఆమె మెల్లగా చెప్పిరి. నన్ను ఒక్కమాట అనలేదు.

థాయిలో క్షమాపణకు ‘ఖో థోత్’ అందురు. ‘ఖో’ అనగా అడుగుట. ‘థోత్’ మన దోషశబ్దమే, అక్కడ శిక్ష యను అర్థము కూడ కలదు. త్రోవలో ఎవరికైన తగిలినప్పుడెల్ల ఆ మాటను అలవాటుగా వాడెడివాడను. దాని అర్థము తెలిసి పలికినది ఆనాడే.

మరునాటినుండి చేతి గడియారమును విప్పి బల్లపై పెట్టితిని. మొదటి అరగంట ఆమెది, రెండవది నాది. అప్పుడు నాలోని మరియొక లోపము బయటపడినది. విద్యార్థుల తప్పులు దిద్దుటలో పేరు పడినవాడను గనుక ఆమె ఆంగ్లమున ప్రతి మాటను దిద్దసాగితిని. రెండు దినములలో ఆమె మాటలు ‘ఎస్’, ‘నో’ అను వానికి దిగజారినవి. ఆమెయో, నా తప్పులలో అర్థమును చెరచు రెండు మూడింటిని మాత్రమే దిద్ది, తక్కినవానిని పోనిచ్చెడివారు. అందువలననే నేను ధైర్యముగా తప్పులు పలుకుచు ముందునకు పోగలిగితిని. ఇన్నేండ్లలో తరగతిలో ఎందరి నోళ్ళు మూయించితినో!

సంభాషణ యుండగా వ్యాకరణమేల, పుస్తకమేల యను వారితో నేను ఏకీభవింపను. ‘ఇట్లేల అనవలెను?’ అని అడిగినప్పుడెల్ల ఆమె ‘అట్లే అందురు’ అనెడివారు. ఆకలి ‘వేయుట’ యేమని అడిగిన మనలో ఎందరు చెప్పగలరు? అట్లని పుస్తకమొక్కటియే చాలదు. తినుటకు నా పుస్తకము ‘రప్ ప్రథాన్’ అని నేర్పినది. ఆమె ఇంట అందరును ‘కిన్’ అందురు. రెండును కావలెను.

ఈ ధర్మమునకు మనలోనే పెద్ద ఉదాహరణము కలదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవరభాషను సవరల నోటినుండియే నేర్చిరి. వారి పిల్లలకు బడులు పెట్టిరి, వారి భాషలో వాచకములు వ్రాసిరి. 1931లో ఆ భాషకు వ్యాకరణము ప్రకటించిరి. పుచ్చుకొన్నదానికంటె ఎక్కువగా తిరిగి ఇచ్చిరి.

మన నగరములకు బ్రతుకుతెరువుకై వచ్చినవారు పదేండ్లుండియు తెలుగు నేర్వరని నిందింతుము. కాని వారు తడబడుచు ఒక తెలుగు మాట పలుకగానే మనము హిందీలోనో ఆంగ్లములోనో బదులు చెప్పుదుము. తొందరలో చేయు ఆ ఉపకారము వారి నోరు కట్టివేయుచున్నది. ఒక్క నిమిషము ఓర్చి, తెలుగుననే నెమ్మదిగా బదులు చెప్పిన మన సొమ్మేమి పోవును? వారి భాషలో నాలుగు మాటలు మనమును అడిగి నేర్చుకొన్న తక్కువ యేమి?

నేను తిరిగివచ్చు నాటికి ఆ పెద్దామె తన నాలుగు ప్రశ్నలను మనుమని అడిగిరి. వాని సమాధానములలో రెండు అర్థమైనవట. ఇప్పుడు మా వీధిలో ఒడిశానుండి వచ్చిన వడ్రంగి ఒకడు సాయంకాలము పావుగంట నాయొద్ద కూర్చుండును. సగము తెలుగు, సగము ఒడియా. మొదటి సగము అతనిదే.