పులిసిన దాణా, పచ్చి గుడ్డు

ప్రశ్న: మా పెట్టలకు తవుడు, నూకలు పులియబెట్టి వేస్తున్నాము. వాటి గుడ్లలో మేలు చేసే సూక్ష్మజీవులుంటాయని, పిల్లలకు పచ్చిగానే తాగించమని అంటున్నారు. తాగించవచ్చునా?
— ఒక గృహిణి, గురజాల

జవాబు: తాగించవద్దు. దాణా పులియబెట్టడం మంచిదే. మన తరవాణి కుండలో జరిగేదే అక్కడా జరుగుతుంది. లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఆ పులుపులో సాల్మొనెల్లా వంటి రోగక్రిములు సరిగా పెరగలేవు. కాని ఆ మేలు కోడి పేగులకే. అవి గుడ్డులోకి చేరి మీ పిల్లలకు అందుతాయనుకోవడం భ్రమ. సాల్మొనెల్లా మాత్రం గుడ్డు పెంకుమీద, ఒక్కొక్కప్పుడు లోపల కూడా ఉండవచ్చు. పసిపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు అది సోకితే విరేచనాలు, జ్వరం తీవ్రంగా ఉంటాయి. పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించి పెట్టండి. పచ్చి గుడ్డే బలమని పెద్దలు ఎంత చెప్పినా, ఉడికిన గుడ్డులోని మాంసకృత్తులే ఒంటికి బాగా పడతాయి.

మీరు అడగకపోయినా మరొకటి చెప్పాలి. మీ పల్నాటి ఎండలకు దాణా త్వరగా పులుస్తుంది. ఏరోజుకారోజు సరిపడా కలుపుకోండి. పుల్లటి వాసన ఫరవాలేదు. కుళ్ళు వాసన వచ్చినా, బూజు కనిపించినా మొత్తం పారబోయండి, పైపైన తీసేస్తే చాలదు. బూజు పట్టిన మొక్కజొన్నలో, వేరుశనగ చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరవచ్చు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయింది అలాంటి చెక్క తినే. ఈ విషం మనుషుల కాలేయానికీ చెరుపే. పులియబెట్టినంత మాత్రాన పోతుందని నమ్ముకోలేము.

దాణా కలిపాక, గుడ్లు తీశాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలచేత కడిగించండి.