మంత్రిగారికి విందా, సభయా?

కార్తీకమాసము రాగానే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలోని సంఘములకు వనభోజనముల సందడి. ఉసిరిచెట్టు క్రింద విస్తళ్లు పరచుటకు ముందే కార్యవర్గములలో ఒక చర్చ బయలుదేరును: ఈ యేడు మంత్రిగారిని పిలువవలెనా? పిలిచినచో విందులో వారిచేత ఉపన్యాస మిప్పింపవలెనా? ఇది చిన్న ప్రశ్నగా కన్పట్టును గాని, సంఘముల స్వాతంత్ర్యము దీనిలో నిమిడియున్నది.

పిలువవలె ననువారి వాదమున సారము లేకపోలేదు. మంత్రి ప్రజల ప్రతినిధి, పరాయివాడు కాడు. సచివాలయము చుట్టును తిరుగుటకంటె ఆయననే మన యూరికి రప్పించి కష్టములు చెప్పుకొనుట మేలని వారందురు. మేమును అంగీకరింతుము. కాని విందులో కష్టములు చెప్పువా రెవరు? పంక్తిలో కూర్చున్న అతిథిని నిలదీయుట తెలుగింటి మర్యాద కాదు. ఆతిథ్యము స్వీకరించినవాడు ఆతిథేయులను పొగడకుండుటయు మర్యాద కాదు. కావున మంత్రి పొగడును. సంఘము చప్పట్లు కొట్టి శాలువ కప్పును. మరునాడు పత్రికలలో ఛాయాచిత్రము వచ్చును. అడుగవలసిన మాట గొంతులోనే నిలిచిపోవును.

ఆ మాటలు స్వల్పములా? 2017 మొదలు బతుకమ్మ చీరల నేత సిరిసిల్ల మరమగ్గములకు పెద్ద ఆధారమైనది. దానితో ప్రభుత్వము ఏలునదియే గాక కొనునదియు నైనది. 2024 ఆరంభమున కొత్త ఆర్డర్లు లేక, పాత బాకీలు చేతికి రాక మగ్గములు ఆగినప్పుడు, ఒక్క కొనుగోలుదారునే నమ్ముకొనుటలోని అపాయము అందరికిని తెలిసివచ్చినది. ముత్యంపేట చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. దానిని తెరువుడని కోరుట్ల ప్రాంతపు చెరకు రైతులు అటుపిమ్మట ఏండ్ల తరబడి మొరపెట్టుకొనిరి. బాకీపడినవానికి విందు పెట్టి, బాకీమాట యెత్తకుండ సాగనంపు వ్యాపారి యెవడైన నుండునా?

తమ గౌరవార్థము జరుగు ఆడంబరపు విందులకు సాధ్యమైనంతవరకు పోవలదని కేంద్ర, రాష్ట్ర మంత్రులకై ఏర్పరచిన ప్రవర్తన నియమావళియే చెప్పుచున్నది. మంత్రులు మరచినను, పిలుచువారైన జ్ఞాపకముంచుకొనవలదా?

సభావేదిక విలువ ఈ ప్రాంతమువారికి ఒకరు చెప్పనక్కరలేదు. నిజాం పాలనలో 1929 నాటి 53వ గస్తీ ననుసరించి సభ జరుపుటకు ముందుగా సర్కారు అనుమతి కావలసియుండెను. అట్టి నిర్బంధముల కాలముననే 1935లో సిరిసిల్లయందు మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతను నాలుగవ ఆంధ్రమహాసభ జరిగినది. నాడు మనము మాటాడుటకు ప్రభుత్వపు సెలవు కావలెను. నేడు మన వేదికపై ప్రభుత్వము మాటాడుటకు మన సెలవు కావలెను. ఇంత కష్టించి సంపాదించిన హక్కును పులిహోరతోపాటు వడ్డించివేయుట తగునా?

మా యభిప్రాయ మిది. మంత్రిని పిలువవలసినదే, కాని విందునకు గాదు, సభకు. మొదట కార్యదర్శి సంఘముయొక్క కోరికలను వ్రాతమూలముగా చదువవలెను. మంత్రి వానికి వరుసగా సమాధానము చెప్పవలెను. సభ్యులు ప్రశ్నించుటకు వేళ యుంచవలెను. ఆయన యిచ్చిన మాటలను మినిట్సు పుస్తకమున వ్రాసికొని, మరుసటి సంవత్సరము సభను ఆ పుటతోనే ఆరంభింపవలెను. పిమ్మట ఆయన భోజనమునకు నిలిచినచో అందరితోపాటు పంక్తిలో కూర్చుండవచ్చును. అచ్చట ఉపన్యాసము వలదు. ఈ పద్ధతి ఏ పక్షపు మంత్రికైనను ఒక్కటిగా నుండవలెను. ఇందుకు సమ్మతింపని మంత్రి రాకపోయినను సంఘమునకు లోపము లేదు. ప్రశ్నింపలేని సంఘమునకు మంత్రి వచ్చియు లాభము లేదు.