విశాఖపట్టణపు మురుగు

1933లో నౌకాశ్రయము తెఱవబడినది మొదలు విశాఖపట్టణము పెరుగుచునే యున్నది. 1901 నాటి జనాభా లెక్కలలో నలుబదివేల చిల్లర జనముగల యూరు 2011 నాటికి 17 లక్షలు దాటెను. 2005లో గాజువాకయు, 32 గ్రామములును నగరమున జేర్పబడెను. ఊళ్లను గలుపుట కొక యుత్తరువు చాలును. వాని మురుగును గలుపుటకు గొట్టములును, శుద్ధిచేయు యంత్రములును, ఏండ్లకొలది ద్రవ్యమును గావలెను. ఉత్తరువు ముందు నడచినది, గొట్టములు వెనుకబడినవి.

కొండలమీది వాననీరు కడలి జేరుటకు ప్రకృతి యేర్పఱచిన దారులు గెడ్డలు. వానినే మనము మురుగుకాలువలుగ జేసికొంటిమి. ఒడ్డుల నాక్రమించి యిండ్లు గట్టితిమి. మిగిలిన సందున చెత్త గ్రుమ్మరించితిమి. పెద్దవాన గురిసిన నాడు మేడమీదివాడు విడిచినది పల్లములోని పేదవాని వాకిట నిలుచుచున్నది.

సముద్రము పెద్దది, అన్నిటిని మ్రింగునని కొంద ఱందురు. మ్రింగినదానిని మరునాటి యల తీరమున గ్రక్కుచున్నది. మిగిలినది జాలరివాని వలకు దగులుచున్నది.

2017లో దేశవ్యాప్త స్వచ్ఛ సర్వేక్షణమున నగరమునకు మూడవస్థానము లభించెను. ఆ కీర్తిని మేము కాదనము. వీథులూడ్చి దానిని దెచ్చిన పారిశుధ్యపు పనివాండ్రకు మన మేమి యిచ్చితిమి? రక్షణసాధనములు లేక మనుష్యుని మురుగుగోతిలో దింపరాదని 2013 నాటి చట్టము శాసించుచున్నది. అట్లు దిగి మరణించినవాని కుటుంబమునకు 10 లక్షల రూపాయ లీయవలెనని 2014లోను, 30 లక్షలకు దానిని పెంపవలెనని 2023లోను సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. పరిహారమెంత పెరిగినను బోయిన ప్రాణము రాదు. యంత్రము చేయగల పనికి మనుష్యుని దింపుట యిక మానవలెను.

నగరపాలకులను మేము కోరునవి రెండు. మురుగు పోవు దారి లేని చోట క్రొత్త మేడలకు అనుమతి యీయరాదు. ఏ గెడ్డలో నెంత మురుగు శుద్ధికాక కలియుచున్నదో లెక్కగట్టి, ప్రతి పేటలోని పఠనమందిరమునను ప్రకటింపవలెను. లెక్క తెలిసిన ప్రజ యడుగక మానదు.

పౌరులను కోరునది యొకటి. తడిచెత్త, పొడిచెత్త, అపాయకరమైన చెత్త యింటనే వేఱుచేయవలెనని 2016 నాటి నియమములు విధించెను. ఇందులకు రాజధనమక్కఱలేదు, మూడు బుట్టలు చాలును. పన్ను చెల్లించితిని గదా యని గెడ్డలో చెత్త విసరువానికి పాలకులను నిందించు నధికారము లేదు. సోదరులారా, ఇంటి చీపురును గడపకడ నిలుపక వీథిమలుపు దాక నడిపింపుడు.