మేడారం వర్చువల్ టూర్: ముందు గొంతు, తర్వాత ఫొటో

మన జాగల మీద వర్చువల్ టూర్ వెబ్‌సైట్ చేద్దామని కొందరు అంటున్నరు. చేద్దాం. కానీ ఎట్ల?

మా హాస్టల్ ఉన్న అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోనే రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. అక్కడి సెట్లు కెమెరా కోసమే కట్టినవి. మేడారం అట్ల కాదు. జాతర రెండేళ్లకోసారి, మాఘ పౌర్ణమికి. మిగతా రోజుల్లో 360 డిగ్రీల ఫొటో తీస్తే గద్దెలు కనబడతయి, విగ్రహం ఉండదు. తెల్వనోడు 'ఇంతేనా?' అంటడు. కన్నెపల్లి నుంచి సారలమ్మ ఎట్ల వస్తది, చిలకలగుట్ట నుంచి సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో ఎట్ల తెస్తరు, ఇవన్నీ కోయ పూజారుల నోట వినబడాలె. లేకుంటే ఆ టూర్ ఉత్త బొమ్మనే.

అందుకే ముందు ఆడియో. కోయలో, తెలుగులో. ఇంగ్లిష్ సంగతి తర్వాత చూద్దాం.

ఏది చూపాలె, ఏది చూపొద్దు అన్నది పూజారులు, గ్రామసభ చెప్పాలె. సంప్రదాయాలు కాపాడుకునే అధికారం 1996 పెసా చట్టం గ్రామసభకే ఇచ్చింది కదా. గుట్ట మీదికి కెమెరా వద్దనే నా మాట, డ్రోన్ అసలే వద్దు. అన్నం వండిపెట్టే, తేనె అమ్మే అక్కల వివరాలు వాళ్లు ఒప్పుకుంటే పెడదాం. లేకుంటే పైసలన్నీ బయటి హోటళ్లకే పోతయి.

సెలవులకు ములుగు దిక్కు పోయేటోళ్లు ఎవరున్నరు? ముందు పెద్దలతో కూసుందాం.