శిలాక్షరాలు - జనశ్రుతులు

హైదరాబాదు నగరం వయస్సెంత? ఈ ప్రశ్నకు బడిపిల్లవాడు సైతం తడుముకోకుండా సమాధానం చెబుతాడు. క్రీ.శ. 1591లో గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీనది దక్షిణపు ఒడ్డున ఈ నగరానికి పునాది వేశాడు. చార్మినార్ ఆ కాలపు కట్టడమే. అంతకుముందు ఈ ప్రాంతంలో చెట్టూ పుట్టా, బండరాళ్ళూ తప్ప చెప్పుకోదగిన చరిత్ర ఏదీ లేదన్న భావన మనలో చాలామందికి ఉంది. ఆ భావన ఎంతవరకు నిజమో తెలుసుకోవడానికి దూరదేశాలకు పోనక్కరలేదు.

సైదాబాదు నుండి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్.బి.నగర్ వైపు సాగితే దారిలో చైతన్యపురి వస్తుంది. అక్కడ మూసీనదికి చేరువలో, ఫణిగిరి కాలనీలో కొసగుండ్ల నరసింహస్వామి ఆలయం ఉంది. భక్తులు నిత్యం దర్శించుకొనే ఆ క్షేత్రంలోని బండపై కొన్ని ప్రాచీనాక్షరాలు ఉన్నాయి. ఇరవయ్యవ శతాబ్ది చివరి భాగంలో శాసన పరిశోధకులు వాటిని పరిశీలించారు. లిపి బ్రాహ్మీ, భాష ప్రాకృతం. అక్షరాల తీరును బట్టి అది సుమారు క్రీ.శ. 5వ శతాబ్దికి చెందినదని నిర్ణయించారు. గోవిందరాజ విహారమనే బౌద్ధ విహారం, భిక్షాన్నంతో జీవించే పిండపాతిక భిక్షువులు ఆ శాసనంలో ప్రస్తావితమయ్యారు. ఆ గోవిందరాజు విష్ణుకుండి వంశీయుడైన గోవిందవర్మ అని చరిత్రకారులు భావిస్తున్నారు.

ఒక్క సాక్ష్యాన్ని నమ్మి తీర్పు చెప్పడం న్యాయస్థానంలోనే కాదు, చరిత్రలోనూ తగదు. అందుకే పరిశోధకులు రెండవ సాక్ష్యాన్ని వెదకుతారు. నల్లగొండ ప్రాంతంలోని ఇంద్రపాలనగరం, అంటే నేటి తుమ్మలగూడెం వద్ద లభించిన తామ్రశాసనాలు ఇక్కడ తోడ్పడ్డాయి. రాణి కట్టించిన బౌద్ధ విహారానికి గోవిందవర్మ గ్రామాలను దానం చేసినట్లు వాటివల్ల తెలిసింది. విష్ణుకుండులు వైదిక యజ్ఞాలు చేసిన రాజులుగానే అంతవరకు ఎక్కువగా ప్రసిద్ధులు. రాగిరేకులూ రాతిబండా కలిసి ఆ వంశచరిత్రలో మరొక పార్శ్వాన్ని చూపాయి.

అయితే ఇంతమాత్రాన హైదరాబాదు నగరం 5వ శతాబ్దంలోనే వెలసిందని చాటడం పొరపాటు. శాసనం చెప్పినంతే మనం చెప్పాలి. మూసీ ఒడ్డున ఒకప్పుడు బౌద్ధ విహారం ఉండేదనీ, దానిని పోషించిన సమాజం ఉండేదనీ మాత్రమే దానివల్ల గ్రహించగలం. 1591 అనే సంవత్సరం అబద్ధం కాలేదు. దాని వెనుక వెయ్యేళ్ళకు పైబడిన మరొక అధ్యాయం ఉందని తెలిసింది. క్రొత్త సాక్ష్యం ఒక్కొక్కప్పుడు పాత విషయాన్ని చెరిపివేయదు, దాని నేపథ్యాన్ని విశాలం చేస్తుంది.

మరొకప్పుడు అది పాత విశ్వాసాన్ని పూర్తిగా తలక్రిందులు చేస్తుంది. కాకతీయ రుద్రమదేవి గణపతిదేవుని భార్య అని ప్రతాపచరిత్ర వంటి రచనలు చెప్పాయి. ఇటలీ యాత్రికుడు మార్కోపోలో కూడా ఆమెను రాజు మరణానంతరం రాజ్యమేలిన భార్యగానే వర్ణించాడు. రెండు వేర్వేరు చోట్ల కనిపించిన మాట గనుక అది నిజమేనని అనుకోవడం సహజం. కాని శాసనాలు ఆమె గణపతిదేవుని కుమార్తె అని నిర్ద్వంద్వంగా నిరూపించాయి. చరిత్రకారుల అంచనాలకు సైతం ఇటువంటి సవరణ తప్పలేదు. ఆమె 1295 ప్రాంతం వరకు పాలించిందని పండితులు భావించేవారు. నల్లగొండ జిల్లా చందుపట్లలో లభించిన 1289 నవంబరు నాటి శాసనం, అప్పటికే ఆమె శివసాయుజ్యం పొందినట్లు తెలిపింది. పండితులు తమ పుస్తకాలను దిద్దుకొన్నారు. అలా దిద్దుకోవడం వారికి చిన్నతనం కాలేదు, గౌరవమే అయింది.

మరి జనశ్రుతికి విలువ లేదా? తప్పక ఉంది. సైదాబాదుకు సమీపంలోనే, ఆస్మాన్‌గఢ్ గుట్టపై ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉంది. రెండవ నిజాం కొలువులో సేనలకు శిక్షణ నిచ్చిన ఆయన 1798లో మరణించాడు. ముస్లింలు ఆయనను మూసా రహీం అనీ, హిందువులు మూసా రాం అనీ పిలుచుకొన్నారనీ, మూసారాంబాగ్ అన్న పేరు అలాగే వచ్చిందనీ ప్రతీతి. ఆ పేరు పుట్టిన తీరును శాసనంతో నిరూపించలేకపోవచ్చు. కాని ఒక పరదేశిని ఇక్కడి ప్రజలు ఎలా తలచుకోదలచారో ఆ కథ మనకు చెబుతుంది. అదీ ఒక విధమైన సాక్ష్యమే.

ఇక భాగమతి కథ ఉండనే ఉంది. కులీ కుతుబ్ షా ఆమె పేరుతో భాగ్‌నగర్ నిర్మించాడన్న మాట ఆ కాలపు చరిత్రకారుడు ఫెరిష్టా రచనలో కనిపిస్తుంది. హరూన్ ఖాన్ షేర్వానీ దానిని కల్పితగాథగా భావించాడు. నరేంద్ర లూథర్ భాగమతి ఉన్నదనే వాదించాడు. ఆమె పేరిట సమాధి గాని, శాసనం గాని లభించలేదు. ఇటువంటి చోట రెండు వాదాలనూ విని, తీర్పును వాయిదా వేయడమే వివేకం. ‘తేలలేదు’ అని ఒప్పుకోవడం కూడా చరిత్రజ్ఞానంలో భాగమే.

నమ్మకానికీ సాక్ష్యానికీ సహజవైరం ఉందని నేననుకోను. చైతన్యపురి బండనే చూడండి. చుట్టుప్రక్కల కాలనీలు వెలసి, ఎన్నో గుట్టలు కంకరరాళ్ళుగా మారిపోయిన నగరంలో ఆ బండ నిలిచి ఉండడానికి అక్కడి దేవుని పట్ల జనానికి గల భక్తి కారణమై ఉండవచ్చు. తమకు తెలియకుండానే నరసింహస్వామి భక్తులు బౌద్ధ భిక్షువుల స్మృతిని కాపాడారు. నమ్మకం సాక్ష్యానికి నీడనివ్వగలదనడానికి ఇంతకంటె మంచి నిదర్శనం ఏముంటుంది? అదే నమ్మకం ‘మా కథకు భిన్నమైనది వినము’ అని పట్టుపడితే మాత్రం నీడ చీకటిగా మారుతుంది.

పోయిన పుస్తకానికి మరొక ప్రతి దొరకవచ్చు. పగిలిన శాసనానికి ప్రతి లేదు. సున్నం పూసినా, రంగు వేసినా, ఉలితో పేర్లు చెక్కినా పదిహేను వందల ఏళ్ళ సాక్షి నోరు మూతపడుతుంది. కనుక విద్యార్థులారా! మీ ఊరి గుట్టమీదనో, గుడి గోడమీదనో తెలియని అక్షరాలు కనిపిస్తే వాటిని చెరపకండి, చెరపనీయకండి. పెద్దలకు, పురావస్తుశాఖ వారికి తెలియజేయండి. తాతలు చెప్పిన కథలను శ్రద్ధగా వినండి, వ్రాసి ఉంచండి. రేపు ఆ రాయి మీ కథను కాదంటే నొచ్చుకోకండి. సత్యం కోసం తన అభిప్రాయాన్ని మార్చుకోగలిగినవాడే చరిత్రకు నిజమైన వారసుడు.