గది కూడా చికిత్సలో భాగమే

ఇంట్లో ఒకరికి మానసిక సమస్య ముదిరి ఆసుపత్రిలో చేర్చక తప్పదన్నప్పుడు మనం అడిగేవి మూడే: డాక్టర్ ఎవరు, ఖర్చెంత, ఎన్నాళ్లుండాలి? ఆ మనిషి రాత్రీపగలూ గడపబోయే గది ఎలా ఉంటుందని మాత్రం అడగం. ఈ కష్టంలో సౌకర్యాల గురించి అడిగితే ఏం బాగుంటుందని సంకోచిస్తాం. నిజానికి అది చికిత్సకు సంబంధించిన ప్రశ్నే. దానికి సమాధానం వెతకడంలోనే తన వృత్తి జీవితంలో చాలా భాగం గడిపిన ఆర్కిటెక్ట్ ఒకరున్నారు. ఆయన పేరు శామ్యూల్ స్లోన్.

1815లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టిన స్లోన్ వడ్రంగిగా పని మొదలుపెట్టి, ఫిలడెల్ఫియాలో పేరున్న ఆర్కిటెక్టుగా ఎదిగారు. మతి చలించినవారిని జైళ్లలో, అనాథాశ్రమాల్లో పడేసి, కొన్నిచోట్ల గొలుసులతో కట్టేసే రోజులవి. అదే నగరంలోని వైద్యుడు థామస్ కర్క్‌బ్రైడ్ మాత్రం వెలుతురు, గాలి, పని, పలకరింపు ఉన్నచోట ఈ రోగులు కోలుకుంటారని నమ్మారు. ఆ నమ్మకానికి స్లోన్ నక్షా గీశారు. మధ్యలో కార్యాలయ భవనం, దానికి రెండు వైపులా రెక్కల్లా వార్డులు. ఒక్కో రెక్క ముందున్నదానికన్నా కాస్త వెనక్కి జరిగి ఉంటుంది. దాంతో ఏ వార్డూ మరో వార్డు గాలికీ వెలుతురుకీ అడ్డం రాదు. చుట్టూ తోటలు. ఫిలడెల్ఫియాలో 1859లో మొదలైన పురుషుల ఆసుపత్రి, అలబామాలోని టస్కలూసాలో 1861లో తెరిచిన ఆసుపత్రి, 1883లో నార్త్ కరోలినాలో రోగులను చేర్చుకున్న మోర్గాంటన్ ఆసుపత్రి... అన్నీ ఆయన గీసినవే. మరుసటి ఏడాదే స్లోన్ కన్నుమూశారు.

ఆ నక్షాకు ఒక షరతుంది: ఒక ఆసుపత్రిలో 250 మందికి మించి రోగులు ఉండకూడదని కర్క్‌బ్రైడ్ మొదట్లో గట్టిగా చెప్పారు. ఆ షరతు నిలవలేదు. 1970 నాటికి టస్కలూసా ఆసుపత్రిలో రోగులు ఐదు వేలు దాటిపోయారు. అదే ఏడాది ప్రభుత్వం డబ్బు లేదంటూ సిబ్బందిని తగ్గించింది. అక్కడున్న పదిహేనేళ్ల కుర్రాడి పేరిట కేసు కోర్టుకెక్కింది. ఇష్టం లేకుండా ఆసుపత్రిలో ఉంచినవారికి చికిత్స పొందే హక్కు ఉంటుందని 1971లో కోర్టు తేల్చింది. కిక్కిరిసిన మనుషుల మధ్య, చూసుకునే నాథుడు లేనిచోట మంచి నక్షా ఒక్కటే ఎవరినీ కాపాడలేదని ఆ ఆసుపత్రి చరిత్ర చెబుతుంది.

అలాగని స్లోన్ ఆలోచన తప్పు కాదు. భవనమే జబ్బు నయం చేస్తుందని ఆ తరం అతిగా ఆశపడిన మాట నిజమే. ఈనాటి పరిశోధన అంత దూరం పోదు. 1984లో రోజర్ అల్రిక్ పిత్తాశయ ఆపరేషన్ చేయించుకున్న 46 మంది రికార్డులు పరిశీలించారు. కిటికీలోంచి చెట్లు కనిపించినవారు, ఇటుక గోడ మాత్రమే కనిపించినవారికన్నా కాస్త ముందే ఇంటికెళ్లారు. ఘాటైన నొప్పి మందులూ తక్కువే వాడారు. వాళ్లు మానసిక రోగులు కారు. కానీ స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఇదే ఆలోచనను మానసిక వైద్యంలో పరీక్షించి చూశారు. అక్కడి ఓస్ట్రా ఆసుపత్రి కోసం ఆర్కిటెక్ట్ స్టెఫాన్ లుండిన్ బృందం గీసిన మనోచికిత్సా భవనం 2006లో మొదలైంది. ఒక్కొక్కరికీ సొంత గది, సొంత స్నానాలగది. అందరూ కూర్చునే హాళ్లు, నేరుగా వెళ్లగలిగే తోటలు ఉన్నాయి. పాత ఆసుపత్రితో పోలిస్తే అక్కడ బలవంతంగా ఇంజెక్షన్ ఇవ్వాల్సి వచ్చిన రోగుల శాతం తగ్గిందని 2018లో వెలువడిన అధ్యయనం చెప్పింది. కట్టిపడేయాల్సి వచ్చినవారి విషయంలోనూ, ఒక్కొక్కరిని సగటున ఎన్నిసార్లు కట్టేశారన్న లెక్క దాదాపు సగానికి దిగింది. ఆ అధ్యయనంలో లుండిన్ కూడా ఒక రచయిత. ఒక్క ఆసుపత్రి ఫలితాన్ని అన్నిచోట్లకూ ఆపాదించలేం. అయినా ఇరుకు, రొద, ఏకాంతం లేకపోవడం ఆరోగ్యంగా ఉన్నవారికే చిరాకు తెప్పిస్తాయి. అసలే భయంతో కంపించే మనిషిని అవి ఇంకెంత రెచ్చగొడతాయో ఊహించడం కష్టం కాదు.

మన దేశంలో ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు, హక్కు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 ప్రకారం ఈ ఆసుపత్రుల్లో సురక్షితమైన, శుభ్రమైన పరిసరాలు, సరైన మరుగుదొడ్లు, ఏకాంతం, కాలక్షేపానికి వసతులు ఉండాలి. గొలుసులతో కట్టడం, ఒంటరిగా గదిలో బంధించడం నిషేధం.

కాబట్టి చేర్చే ముందు వార్డు ఒకసారి చూపించమని అడగండి. ఒక గదిలో ఎన్ని మంచాలున్నాయి? పగటి వెలుతురు పడుతుందా? స్నానాలగదికి తలుపుందా? ఆరుబయట నడిచే వీలుందా? రాత్రి సిబ్బంది ఎంతమంది? ఫ్యాను కొక్కేలు లేకపోవడం, కిటికీలు పూర్తిగా తెరుచుకోకపోవడం చూసి జైలనుకోవద్దు. ఆత్మహత్య ప్రయత్నాలు జరగకుండా తీసుకునే జాగ్రత్తలవి. జబ్బు తీవ్రంగా ఉండి, దగ్గర్లో ఉన్నది ఒకే ఆసుపత్రి అయితే గది నచ్చలేదని చికిత్స ఆలస్యం చేయొద్దు. ముందు చేర్పించి, లోపాలపై తర్వాత అడగొచ్చు.

ఇదే ప్రశ్న మన ఇళ్లకూ వర్తిస్తుంది. చుట్టాల కంట పడకూడదని వెనక గదిలో గడియ పెట్టి ఉంచిన మనుషులు మన మధ్యతరగతి ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్లను ముందు గదిలోకి, నలుగురి మధ్యకి తీసుకురండి. ఏం చేయాలో పాలుపోకపోతే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. మాట్లాడటానికి డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడొచ్చు.