బాస్ గిటార్ కొనేముందు: ఆ ఊరి పేరు ఖరీదెంత?

పోయిన ఆదివారం విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం బస్సెక్కాను. భుజాన పొడవాటి నల్ల బ్యాగు. పక్క సీట్లో పెద్దాయన దాన్నే చూసి చూసి చివరికి అడిగేశారు. "ఏటి బాబూ అది, వీణా?" కాదు తాతా, బాస్ గిటార్ అన్నాను. "అలాగా! బొబ్బిల్లో చేసిందేనా?"

నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే ఆయన అడిగింది సరైన ప్రశ్నే. బాస్ గిటార్ల పిచ్చి ఉన్నవాళ్లం నలుగురం ఒకచోట చేరితే మొదట వచ్చే మాట కూడా అదే: ఎక్కడ తయారైంది? అమెరికానా, మెక్సికోనా, జపానా, ఇండోనేషియానా? సీరియల్ నంబర్ చూసి ఏ ఫ్యాక్టరీనో, ఏ ఏడాదో చెప్పేసేవాళ్లు మా బ్యాచ్‌లోనే ఇద్దరున్నారు. సెమిస్టర్ సిలబస్ మీద అంత శ్రద్ధ పెట్టుంటే గోల్డ్ మెడల్ వచ్చేది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. బాస్ అంటే సాధారణంగా నాలుగు లావు తీగలున్న గిటార్. అన్నిటికన్నా లావు తీగ శ్రుతి దాదాపు 41 హెర్ట్జ్. పాట వింటున్నప్పుడు అది విడిగా వినబడదు, తీసేస్తే మాత్రం పాట బోసిపోతుంది. 1951లో అమెరికాలో లియో ఫెండర్ ప్రెసిషన్ బాస్‌ని మార్కెట్లోకి తెచ్చాకే ఇది నిజంగా వ్యాపించింది. ఈ రోజు దొరికే బాస్‌లలో సగానికి సగం దాని పోలికతోనో, 1960లో వచ్చిన జాజ్ బాస్ పోలికతోనో ఉంటాయి.

ఇప్పుడు ధరలు చూడండి. ఫెండర్ వాళ్లదే చవక బ్రాండ్ స్క్వైర్. దాని బాస్ పాతిక, ముప్పై వేల దగ్గర మొదలవుతుంది. ఫెండర్ పేరుతో మెక్సికోలో చేసింది లక్షకు అటూఇటూ. అమెరికాలో చేసింది రెండు లక్షల మాట. అమెరికా ఫ్యాక్టరీ కాలిఫోర్నియాలోని కరోనాలో ఉంది. మెక్సికో ఫ్యాక్టరీ ఎన్సెనాడా అనే ఊళ్లో ఉంది. రెంటికీ మధ్య దూరం దాదాపు మూడొందల కిలోమీటర్లు, అంటే మన ఇచ్ఛాపురం నుంచి అనకాపల్లి వెళ్లినంత. కలపలో, పికప్‌లలో, ఫినిషింగ్‌లో తేడాలు ఉన్నాయి, లేవనను. కానీ ఆ ధరలో పెద్ద భాగం ఆ ఊళ్లలో పనివాళ్ల జీతాల తేడాది, ఇంకొంత భాగం హెడ్‌స్టాక్ మీద రాసిన అక్షరాలది.

పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు ఇదెక్కడో విన్నట్టు ఉండాలి. ఊరి పేరుకు విలువ కట్టడం అంటే అదే కదా, జీఐ, భౌగోళిక గుర్తింపు! చట్టం 1999లో వచ్చింది, 2003 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది, రిజిస్ట్రీ చెన్నైలో, గుర్తింపు పదేళ్లకోసారి రెన్యువల్ చేసుకోవాలి. బొబ్బిలి వీణ ఏ జిల్లాది అనే బిట్ మనందరం చేసినవాళ్లమే. బిట్ అక్కడితో ఆగిపోతుంది. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు తరాలుగా వీణలు చేస్తున్నాయి. వీళ్ల ప్రత్యేకత ఏకాండి వీణ. కుండ, దండి అన్నీ ఒకే పనస దుంగలోంచి తొలిచి తీస్తారు. అతుకు ఉండదు. మిషన్ మీద పెట్టి రోజుకు వంద తీసే పని కాదిది. సరిపడా లావున్న పనస మాను దొరకాలి, అది ఎండాలి, ఆ తర్వాత ఉలి పని. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం మీద పడినప్పుడు కొబ్బరి, జీడి తోటల నష్టం గురించే ఎక్కువ మాట్లాడుకున్నాం. పనసలూ కూలాయి. చెట్టు మళ్లీ మొలిపించొచ్చు, వీణకు పనికొచ్చే మానుగా ఎదగడానికి మాత్రం దశాబ్దాలు ఆగాలి.

బాస్ గిటార్ల వైపూ ఇలాంటి వాదనే ఒకటి నడుస్తుంటుంది. మెడ, మధ్య భాగం ఒకే కలపగా సాగే పద్ధతిని నెక్-త్రూ అంటారు. 1957లోనే రికెన్‌బ్యాకర్ కంపెనీ అలాంటి బాస్ తెచ్చింది. నాదం ఎక్కువసేపు నిలుస్తుందని దాని అభిమానులు అంటారు. ఫెండర్‌ది వేరే దారి. మెడ వేరుగా, ఒళ్లు వేరుగా చేసి నాలుగు స్క్రూలతో బిగించేశాడు. ఆయన సంగీతకారుడు కాదు, రేడియోలు బాగుచేసే మనిషి. మెడ వంగితే విప్పి కొత్తది పెట్టుకో అనేది మెకానిక్ బుర్రకే తడుతుంది. ఆ నాలుగు స్క్రూల వల్లే ఈ పని ఏ దేశానికైనా పంపడానికి వీలైంది. మెడలు ఒక చోట, ఒళ్లు ఒక చోట, బిగింపు ఇంకో చోట. మా మెకానికల్ సార్ అసెంబ్లీ లైన్ పాఠానికి ఎప్పుడూ కారు బొమ్మే గీసేవారు, గిటార్ గీసుంటే క్లాసులో నిద్రపోయేవాణ్ని కాదు.

పని పంపడం సులువైతే పనివాడి బేరం తగ్గిపోతుంది. దీనికి బాస్ కొనే ప్రతివాడూ తెలుసుకోవాల్సిన కేసు ఒకటుంది. దక్షిణ కొరియాలో కోర్ట్ అనే గిటార్ కంపెనీ ఉంది. సొంత పేరుతోనే కాదు, పెద్ద పెద్ద బ్రాండ్లకూ గిటార్లు చేసిపెడుతుంది. 2007లో కొరియాలోని ఇంచియాన్, డేజాన్ ఫ్యాక్టరీల్లో వాళ్లను తీసేసి పనిని ఇండోనేషియా, చైనా ఫ్యాక్టరీలకు మార్చేసింది. అక్కడి కార్మికులు ఊరుకోలేదు. ధర్నాలు, కోర్టులు, నిరాహార దీక్షలు. కొందరు తాము తయారుచేసిన వాయిద్యాన్నే నేర్చుకుని బ్యాండ్ కట్టి నిరసన వేదికల మీద వాయించారు. 2019 ఏప్రిల్‌లో గానీ ఒప్పందం కుదరలేదు. పదమూడో ఏట! మనలో చాలామంది మొదటి బాస్ ఈ పని మారిన ఫ్యాక్టరీల నుంచే వచ్చింది, నాదీ అంతే. అందుకే 'ఇండోనేషియా పీసు కాబట్టి చవక' అని ఎవరైనా తీసిపారేసినట్టు అంటే నాకు కొంచెం గుచ్చుకుంటుంది. అక్కడ చేసేవాళ్ల చెయ్యి తక్కువేం కాదు, జీతమే తక్కువ.

గొల్లపల్లి పని అలా ఎక్కడికీ పోదు, ఊరి పేరే దానికి కాపలా. చేత్తో చేసిన దేశీ వాద్యం కాబట్టి జీఎస్టీ కూడా లేదు. మనం కొనే గిటార్ మీదైతే 18 శాతం. మరి రక్షణ ఉంది, పన్ను లేదు, అంత పేరుంది, అక్కడి కుర్రాళ్లు ఎందుకు క్యూ కట్టరు? నాకు అర్థమైనంతలో జీఐ అనేది నకిలీ పేరును ఆపుతుంది గానీ కొనేవాణ్ని తెచ్చివ్వదు. బహుమతిగా ఇచ్చే బుల్లి వీణలకు గిరాకీ ఉంది, వేదిక మీద వాయించే వీణ కొనేవాళ్లు కొద్దిమంది. ఫెండర్‌కు ఉన్నదల్లా వాయించే గుంపు. స్కూలు పిల్లాడి నుంచి స్టేడియం బ్యాండ్ వరకు, రోజూ దాని గురించే మాట్లాడుకునేవాళ్లు. ధర నిలబెడుతున్నది ఆ మాటలే.

వాయిద్యం పరాయిదా మనదా అనే గొడవ ఇక్కడ పెట్టకండి. 1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల మొదలైంది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ ఆచార్యులుగా చేరి 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన చేతిలో ఉన్నది వయొలిన్, యూరప్ నుంచి వచ్చిన పెట్టె! ఈ రోజు దాన్ని ఎవరైనా విదేశీ వాద్యం అంటారా?

ఇంకో కరెంట్ అఫైర్స్ ముక్క. గిటార్ మెడ మీద వేళ్లు ఆనే నల్లటి చెక్క చాలా వాటికి రోజ్‌వుడ్. అందులో పేరున్న రకం మన దేశానిదే. అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం 2017 జనవరి 2 నుంచి రోజ్‌వుడ్ జాతులన్నిటినీ తన జాబితాలోకి తెచ్చింది. గిటార్ సరిహద్దు దాటాలంటే కాగితాలు కావాలన్నమాట. కంపెనీలు కంగారుపడి వేరే కలపలకు మారాయి, మెక్సికో ఫెండర్లలో పావ్ ఫెరో అనే చెక్క అలా వచ్చిందే. 2019 నవంబరు 26 నుంచి తయారైన వాయిద్యాలకు మినహాయింపు దొరికింది. ఆ మధ్య కాలపు గిటార్లను ఇప్పుడు చెక్క రంగు చూసి గుర్తుపట్టేవాళ్లున్నారు. ఒక అంతర్జాతీయ ఒప్పందం చేతివేళ్ల కింద తెలియడం ఎంత బాగుందో చూడండి. ఇంటర్వ్యూలో హాబీ అడిగితే 'మ్యూజిక్ వినడం' అనే బదులు ఇది చెప్పొచ్చు.

ఇక డబ్బు దగ్గరికొద్దాం, మీకు అసలు పనికొచ్చేది అదే. ఫైనలియర్‌లో నాకు క్యాంపస్ ఆఫర్ వచ్చింది. ఆఫర్ లెటర్ చేతికి రాగానే ఈఎంఐ మీద 58 వేల బాస్ కొన్నాను. జాయినింగ్ మాత్రం నెల, రెండు నెలలు అని జరుగుతూ ఎనిమిది నెలలు పోయింది. కంపెనీ నుంచి మెయిల్ వస్తే అది వాయిదా మెయిలే. మూడో వాయిదా నాన్న కట్టారు. నాలుగోది కట్టమని అడగలేక బాస్ 31 వేలకు అమ్మేశాను. డబ్బు సంగతి అటుంచండి, కొన్నాయన నా కళ్ల ముందే వాయిస్తుంటే చూడటం ఉంది చూశారూ, అది కష్టం. ఆఫర్ లెటర్ జీతం కాదు. మొదటి జీతం అకౌంట్లో పడేదాకా వాయిదాల మీద ఏ వాయిద్యమూ వద్దు.

అలాగని మొత్తానికి కొనొద్దని అనను. సెకండ్‌హ్యాండ్‌లో పన్నెండు, పదిహేను వేలకు మంచి బాస్ దొరుకుతుంది, చూడటం తెలిస్తే. మెడను బాణంలా కంటికి ఆనించి వంపు చూడండి. లోపల ట్రస్ రాడ్ తిరుగుతోందా లేదా అడగండి, బిగుసుకుపోయి ఉంటే వదిలేయండి. ప్రతి మెట్టు మీదా ఒక్కో స్వరం నొక్కి వినండి. నాబ్ తిప్పితే గరగరమంటే భయపడకండి, అది క్లీనర్ స్ప్రేతో పోయే జబ్బు. బేరానికి మాత్రం వాడుకోండి. మన సముద్రపు గాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి, వాయించాక పొడిగుడ్డతో తుడవాలి. ఆంప్ ఇప్పుడే అక్కర్లేదు, హాస్టల్లో హెడ్‌ఫోన్సే గతి.

నాలుగు బాస్‌లు ఉంటేనే బాసిస్ట్ అనుకునేవాళ్లకు జేమ్స్ జేమర్సన్ గురించి చెప్తుంటాను. మోటౌన్ కంపెనీ హిట్లలో లెక్కలేనన్ని పాటలకు బాస్ ఆయనదే. ఎక్కువ భాగం 1962 నాటి ఒకే ఒక్క ప్రెసిషన్ బాస్ మీద వాయించారు. తీగలు తెగితే తప్ప మార్చేవారు కాదట.

నేను బాస్ అమ్ముకున్న ఆ ఖాళీ నెలల్లోనే ఇంకొకటి జరిగింది. మిత్రుడి గిటార్ మూగబోతే సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని విప్పాను. లోపల ఏముంది? రెండు పాట్లు, ఒక కెపాసిటర్, ఒక జాక్. ఫస్టియర్ ల్యాబ్‌లో వైవా కోసం బట్టీ పట్టిన ఆర్‌సీ ఫిల్టరే టోన్ నాబ్ పేరుతో కూర్చుని ఉంది. ఇప్పుడు ఉద్యోగం చేస్తూనే నెలకు మూడు నాలుగు గిటార్లు సరిచేస్తాను. మా వాళ్లు చిన్న రిపేర్లకు కూడా విశాఖ పంపుతుంటారు, రానుపోను ఖర్చు రిపేర్ కన్నా ఎక్కువ. ఈసీఈ చదివి ఖాళీగా ఉన్నవాళ్లకు ఇది ఉద్యోగం అవుతుందని చెప్పను, చేతిఖర్చు మాత్రం వస్తుంది.

బస్సులో నా భుజాన ఉన్నది అలాంటిదే. శ్రీకాకుళంలో ఫైనలియర్ కుర్రాడి స్క్వైర్. సౌండ్ ఆగి ఆగి వస్తోందని, దాన్ని వచ్చినకాడికి అమ్మేసి మెక్సికో ఫెండర్ ఈఎంఐలో తీసుకుంటానని పంపాడు. జాక్ దగ్గర ఒక వైరు ఊడింది, అంతే. ఏడు రోడ్ల జంక్షన్‌లో దిగి వాళ్ల రూముకెళ్లి ఇచ్చాను. ప్లగ్ పెట్టి వాయించాడు, ఏ అడ్డూ లేకుండా పలికింది. "జాయినింగ్ డేట్ వచ్చిందా?" అని అడిగాను.

"ఇంకా లేదన్నా" అన్నాడు, తీగ మీంచి వేలు తీయకుండానే.